గుంపు దిగని వేళ: హాలండ్ కాలువ ఊళ్లలో నాలుగు రోజులు



కాలువల ఊరు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇటలీలోని వెనిస్. ఆ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టింది. రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే పర్యాటకులు ప్రవేశ రుసుము కట్టాలి. మొదటి ఏడాది అది ఐదు యూరోలు. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకు మాత్రం ఆ రుసుము లేదు. వెనిస్‌కి వెళ్లినా వెళ్లకపోయినా, ప్రయాణం చేసేవాళ్లందరికీ ఈ నియమంలో ఒక పాఠం ఉంది. పాత ఊళ్లను ఉక్కిరిబిక్కిరి చేసేది వచ్చేవాళ్ల సంఖ్య ఒక్కటే కాదు. అందరూ ఒకే వేళకి రావడం, ఒకే వంతెన మీద నిలబడటం, ఒకే వేళకి వెళ్లిపోవడం. గుంపుకి ఒక టైము ఉంది. ఆ టైము పట్టుకుంటే, పేరున్న ఊరిని కూడా తీరుబడిగా చూడొచ్చు.

ఈ మాటని నెదర్లాండ్స్ దేశం మీద పెట్టి చూద్దాం. మనం అలవాటుగా హాలండ్ అంటాం. అక్కడ మనవాళ్లు తక్కువేం లేరు. ఐండ్‌హోవెన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టల్‌వీన్‌లో, హేగ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి ఇక్కడినుంచి అమ్మానాన్నలు వెళ్లి వస్తూనే ఉన్నారు. పిల్లలకి దొరికేది నాలుగు రోజుల సెలవు. ఆ నాలుగు రోజుల్లో ఒకరోజు ఆమ్‌స్టర్‌డామ్, ఒకరోజు కూకెన్‌హోఫ్ తులిప్ తోట, ఒకరోజు గాలిమరల కిండర్‌డైక్, ఒకరోజు గీథోర్న్. రోజూ పొద్దున బయల్దేరి, పదకొండింటికి చేరి, నాలుగింటికి వెనక్కి తిరగడం. ఈ ప్రణాళికలో తప్పు ఊళ్లది కాదు. ఇదే ప్రణాళిక ఇంకో యాభై బస్సుల వాళ్ల దగ్గరా ఉంటుంది, అదీ చిక్కు.

గీథోర్న్ సంగతే తీసుకోండి. ఓవరైసెల్ రాష్ట్రంలో చిన్న గ్రామం. జనాభా మూడువేలు లోపే. పొయ్యిలోకి పీట్ అనే నల్లమట్టిని తవ్వుకుంటూ పోగా ఏర్పడ్డ నీటిదారుల మధ్య ఇళ్లు కట్టుకున్నారు. పాత ఊళ్లో వీధులుండవు, కాలువలే. 1958లో బెర్ట్ హాన్‌స్ట్రా అనే దర్శకుడు ఫాన్‌ఫేర్ అనే హాస్యచిత్రం అక్కడ తీశాడు. దేశమంతా ఆ ఊరిని తెరమీద చూసింది. ఆ తర్వాత ప్రపంచం ఫోన్లో చూసింది. ఇప్పుడు వేసవి మధ్యాహ్నం ఆ ఇరుకు కాలువలో అద్దె పడవలు ఒకదానికొకటి రాసుకుంటూ నిలిచిపోతాయి. తెడ్డు పట్టడం రానివాళ్లు గట్టుకి గుద్దుతుంటారు. గట్టు మీదున్న ఇంటాయన తన కిటికీలోంచి ఇవన్నీ చూస్తూ కూర్చోవాలి. అదే నీటిదారుల్లో, అదే వీరిబెన్-వీడెన్ జాతీయ ఉద్యానంలో, పక్కనే ద్వార్స్‌గ్రాఖ్త్ ఉంది, కాలెన్‌బెర్గ్ ఉంది, పాత రేవు ఊరు బ్లోక్‌జైల్ ఉంది. అక్కడా రెల్లు కప్పుల ఇళ్లే, అక్కడా కాలువలే. బస్సులు మాత్రం అక్కడ ఆగవు. గీథోర్నే చూడాలనుకుంటే ఆ చుట్టుపక్కల ఒక రాత్రి ఉండి, పొద్దున ఎనిమిదింటికి ఊళ్లో నడవండి. పది దాటేసరికి బయటపడండి.

అసలు ఈ దేశంలో ఊరూరా కాలువ ఎందుకుందో కొంచెం చెప్పుకుంటే, మిగతా ప్రయాణం రుచిగా ఉంటుంది. రైన్, మ్యూజ్, షెల్ట్ నదులు సముద్రంలో కలిసే చోట పేరుకున్న డెల్టా ఇది. నేలలో పెద్ద భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. నీళ్లు తోడకపోతే ఊరే ఉండదు. గాలిమరలు పిండి విసరడానికే కాదు, పల్లపు పొలాల నీటిని ఎత్తి పై కాలువలోకి పోయడానికి కూడా కట్టారు. కిండర్‌డైక్‌లో వరుసగా నిలబడ్డ పంతొమ్మిది మరలు అలాంటివే. తవ్విన కాలువలో పడవ తిరిగింది. పడవ తిరిగినచోట సరుకు వచ్చింది. సరుకు నేరుగా ఇంటి గుమ్మం ముందు దిగింది. ఆ పాత ఇళ్ల నెత్తిన ముందుకి పొడుచుకొచ్చిన దూలం ఒకటి కనిపిస్తుంది, దానికో కొక్కెం ఉంటుంది. మెట్లు ఇరుకు కాబట్టి మూటలూ సామానూ తాడు కట్టి ఆ దూలం మీదుగా పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకునేవాళ్లు. ఇప్పటికీ ఇల్లు మారేటప్పుడు సోఫాలు అలాగే ఎక్కుతాయి.

గోదావరి డెల్టా వాళ్లకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. కాటన్ దొర ఆనకట్ట తర్వాత మన కాలువలు కూడా పొలానికి నీళ్లూ పడవకి దారీ రెండూ అయ్యాయి. ధవళేశ్వరం లాకుల దగ్గర నిలబడి, తలుపులు మూసి, నీటిమట్టం సమం చేసి పడవని దింపడం చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. డచ్చి కాలువల మీద అవే లాకులు ఈ రోజుకీ పనిచేస్తున్నాయి. మన దగ్గర రైతుల నీటి సంఘాలకు చట్టం 1997లో వచ్చింది. వాళ్ల నీటి మండళ్లు 13వ శతాబ్దం నాటివి. గట్టు ఎవరు బాగుచెయ్యాలి, నీరు ఎంత ఎత్తున ఉంచాలి, శిస్తు ఎవరు ఎంత కట్టాలి అని తేల్చే ఆ మండళ్లు నేటికీ ఉన్నాయి. వాటికి ప్రత్యేకంగా ఎన్నికలు కూడా జరుగుతాయి.

ఇంకో సంగతి. మోటారు కార్లు పెరిగాక ఈ దేశం కూడా చాలా కాలువలు పూడ్చి రోడ్లు వేసుకుంది. ఉట్రెక్ట్ నగరం తన పాత అగడ్త కాలువలో కొంత పూడ్చి 1970ల్లో పెద్ద రోడ్డు వేసింది. తర్వాత మనసు మార్చుకుని, ఆ రోడ్డు తవ్వేసి, 2020లో మళ్లీ నీళ్లు వదిలింది. కాబట్టి మనం చూసే కాలువ ప్రతిదీ తనంత తానుగా మిగిలిపోయింది కాదు. కొన్ని డబ్బులేక మిగిలాయి, కొన్ని పట్టుబట్టి నిలుపుకున్నవి.

సరే, ఎప్పుడు వెళ్లాలి? తులిప్పుల కోసం మార్చి మూడోవారం నుంచి మే నడిమి దాకా దేశమంతా కిటకిట. ఎనిమిది వారాల్లో కూకెన్‌హోఫ్ తోటకే పదిలక్షలమందికి పైగా వస్తారు. ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండగ. ఆరోజు ఊళ్లన్నీ నారింజ రంగు చొక్కాలే, కాలువలన్నీ పాటల పడవలే. ఆ సందడే కావాలంటే వెళ్లండి, తీరుబడి కావాలంటే ఆ వారం తప్పించండి. జులై, ఆగస్టు బడి సెలవులు. దేశాన్ని మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో వారం సెలవులు మొదలుపెడతారు కాబట్టి ఆ రద్దీ ఆరువారాలకి పైనే సాగుతుంది. అనువైన కాలం సెప్టెంబరు. బళ్లు తెరిచి ఉంటాయి, ఎండ ఇంకా ఉంటుంది, పొద్దు ఏడున్నర, ఎనిమిది దాకా ఉంటుంది. సెప్టెంబరు రెండో శనాదివారాల్లో పాత కట్టడాల పండగ పెడతారు. మామూలుగా తలుపు తియ్యని పాత ఇళ్లు, గోదాములు, గుళ్లు ఆ రెండు రోజులూ ఉచితంగా చూడనిస్తారు. ఆ రోజుల్లో జనం ఉంటారు, కానీ వాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే.

జూన్‌లోనే సెలవు దొరికిందనుకోండి, దానికో ఉపాయం ఉంది. జూన్ నెలాఖరున అక్కడ పొద్దుగుంకేది రాత్రి పది దాటాక. బస్సులవాళ్లు అయిదింటికే వెళ్లిపోతారు. అంటే, దీపం పెట్టాల్సిన అవసరం లేకుండా అయిదు గంటల వెలుగు మిగిలి ఉంటుంది. ఆ అయిదు గంటలూ ఊరిది. దుకాణాలు కట్టేసిన వాళ్లు అరుగుల మీద కూర్చుంటారు, పిల్లలు కాలువలోకి దూకుతుంటారు, ఇంటి పడవ విప్పి కుటుంబాలు బయల్దేరతాయి.

ఈ ప్రయాణం అంతటికీ ఆధారమైన సూత్రం ఒకటే. ఉదయమూ సాయంత్రమూ ఊరికి ఇవ్వండి. నడిమి గంటలు, అంటే పదకొండు నుంచి నాలుగు దాకా, మ్యూజియానికో రైలుకో ఇవ్వండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పొద్దున రైల్లో నిలబడి, మధ్యాహ్నం ఊళ్లో తోసుకుని, సాయంత్రం మళ్లీ రైల్లో నిలబడతారు. ఈ సూత్రం పాటించాలంటే, చూసే ఊళ్లోనే నిద్రచెయ్యాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో బస చేస్తే గది అద్దె మీద పర్యాటక పన్నే 2024 నుంచి పన్నెండున్నర శాతం. చిన్న ఊళ్లలో గదులు తక్కువ, కానీ ముందుగా చూసుకుంటే దొరుకుతాయి. ఆమ్‌స్టర్‌డామ్ చూడొద్దని కాదు. 1613లో తవ్వడం మొదలైన ఆ కాలువల వలయం 2010 నుంచి యునెస్కో వారసత్వ సంపద. ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ దిగి, మూడు గంటలు నడిచి బయటపడితే సరిపోతుంది. ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలంటే మాత్రం టికెట్లు ఆన్‌లైన్‌లోనే. ఆరువారాల ముందు, మంగళవారం మంగళవారం విడుదల చేస్తారు.

ఇక నాలుగు రోజుల దారి చెబుతాను. మొదటి రెండు రాత్రులు డెల్ఫ్ట్‌లో. మూడో రాత్రి ఎంక్‌హౌజెన్‌లో. నాలుగో రాత్రి లేవార్డెన్‌లో. కారు అక్కర్లేదు.

డెల్ఫ్ట్ విమానాశ్రయం నుంచి రైల్లో గంటలోపు. సాయంత్రం చేరండి. ఈ ఊరి పేరు చెప్పగానే నీలి బొమ్మల పింగాణీ గుర్తొస్తుంది. డచ్చి తూర్పు ఇండియా కంపెనీ ఓడల్లో వచ్చిన చైనా పింగాణీని చూసి ఇక్కడి కుమ్మరులు తమ మట్టితో చెయ్యబోయిన పని అది. 1653లో పెట్టిన కార్ఖానా ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఔడె డెల్ఫ్ట్ అనేది ఊళ్లో అన్నిటికన్నా పాత కాలువ. దాని గట్టున నడుస్తుంటే వంశచిహ్నాల బొమ్మలు చెక్కిన రాతి ముఖద్వారం కనిపిస్తుంది, అది నీటి మండలి కార్యాలయం. అదే గట్టున తూర్పు ఇండియా కంపెనీ వాళ్ల ఇల్లు. అదే గట్టున పాత చర్చి. దాని గోపురం డెబ్భై అయిదు మీటర్ల ఎత్తు, సుమారు రెండు మీటర్లు పక్కకి ఒరిగింది. కట్టేటప్పుడు చోటు చాలక కాలువని కొంత పూడ్చి దానిమీద పునాది వేశారు. నేల కుంగింది. కట్టడం ఆపకుండా పై అంతస్తులు కొంచెం నిటారుగా పేర్చుకుంటూ పోయారు. ఆ చర్చిలోనే 1632లో పుట్టిన ఇద్దరి సమాధులున్నాయి. ఒకరు చిత్రకారుడు వెర్మీర్. రెండోవాడు లేవెన్‌హుక్, బట్టల వ్యాపారి. నేతలో పోగులు లెక్కపెట్టడానికి వ్యాపారులు వాడే భూతద్దం దగ్గర మొదలై, నీటిబొట్టులో కదిలే ప్రాణులని చూసినవాడు.

వెర్మీర్ గీసిన చిత్రం ఒక్కటి కూడా డెల్ఫ్ట్‌లో లేదు. ఆయన ఊరిని గీసిన పెద్ద చిత్రం పక్కనే హేగ్‌లో, మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. రైల్లో పావుగంట. రెండోరోజు మధ్యాహ్నం గుంపు డెల్ఫ్ట్ చౌకులో దిగే వేళకి మీరు హేగ్‌లో ఆ చిత్రం ముందుండండి. చిత్రంలో ఊరి గుమ్మం మీద గడియారం ఉంది. అది ఏడు దాటిన వేళ చూపుతోందని చాలాకాలం అనుకున్నారు. నీడలు లెక్కగట్టిన ఖగోళ శాస్త్రవేత్తలు ఎనిమిది అన్నారు. ఏడైనా ఎనిమిదైనా మనకి కావలసిన వేళే. మర్నాడు పొద్దున ఆ టైముకి ఊరికి దక్షిణాన, చిత్రకారుడు నిలబడ్డ నీటి ఒడ్డుకి వెళ్లి చూడండి. ఆ గుమ్మాలు ఇప్పుడు లేవు, చిత్రంలో ఎండపడి మెరిసే కొత్త చర్చి గోపురం ఉంది.

డెల్ఫ్ట్‌లో గురువారం సంత. పెద్ద చౌకు నిండా జున్ను చక్రాలు, చేపలు, పూలు, గుండీలు, దారపుండలు. అప్పుడూ జనం ఉంటారు. కానీ అది గుంపు కాదు. కూరగాయల కోసం సంచి పట్టుకొచ్చిన ముసలమ్మ, సైకిలు ముందు తొట్టిలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకొచ్చిన తండ్రి, రెండు యూరోలు మిగుల్చుకోవాలని చూసే విద్యార్థి. రద్దీ తప్పించుకోవడమంటే మనుషుల్ని తప్పించుకోవడం కాదు. ఊరి జనం ఉండే చోటికి, ఊరి జనం ఉండే వేళకి వెళ్లడం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే, వెళ్లబోయే ప్రతి ఊరికీ ముందు అడగాల్సిన ప్రశ్న తెలుస్తుంది: ఇక్కడ సంత ఏ రోజు?

లైడెన్‌లో అది బుధవారం, శనివారం, కాలువ గట్టు పొడుగునా. డెల్ఫ్ట్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల దూరం, రెండో సాయంత్రం అక్కడ గడపొచ్చు. ఇది రెంబ్రాంట్ పుట్టిన ఊరు, 1575 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. ఆ విశ్వవిద్యాలయానికి ముందు ఒక ముట్టడి కథ ఉంది. స్పెయిన్ సైన్యం 1573, 74ల్లో ఊరిని చుట్టేసి ఆకలితో మాడ్చింది. చివరికి డచ్చివాళ్లు తమ గట్లు తామే తెంపి, పొలాల మీదికి నీళ్లు వదిలి, ఆ నీటిమీద పడవల్లో వచ్చి ఊరిని విడిపించారు. ఆ రోజు 1574 అక్టోబరు 3. ఇప్పటికీ ఏటా ఆ రోజున తెల్ల రొట్టె, హెర్రింగు చేప పంచుతారు. ఆ పండక్కి ఊరు కిక్కిరిసిపోతుంది, గది దొరకదు. తేదీ ముందే చూసుకోండి.

లైడెన్‌లో చూడదగ్గవి హోఫ్యేలు. వీధి తలుపు తోసుకుని వెళితే లోపల చతురస్రపు తోట, చుట్టూ చిన్న చిన్న ఇళ్లు. డబ్బున్నవాళ్లు పేద వృద్ధుల కోసం శతాబ్దాల కిందట కట్టించిన సత్రాల్లాంటివి. ఊళ్లో ముప్ఫైకి పైగా ఉన్నాయి. తలుపు తీసి ఉంటే వెళ్లొచ్చు. కానీ వాటిలో ఈనాటికీ మనుషులు కాపురముంటున్నారు. గట్టిగా మాట్లాడకూడదు, కిటికీల్లోకి ఫోను పెట్టకూడదు. పదిమంది కలిసి వెళితే మీరే గుంపు. ఇక గోడలమీద కవితలుంటాయి. 1992లో మొదలుపెట్టి రకరకాల భాషల్లో, ఆయా లిపుల్లోనే, నూటికి పైగా కవితలు ఇళ్ల గోడల మీద రాశారు. కాలువల మీద పడవ నడుపుకోవాలన్నా లైడెన్ బాగుంటుంది. పదిహేను మీటర్లలోపు పొడవు, గంటకి ఇరవై కిలోమీటర్లలోపు వేగం ఉన్న పడవకి ఆ దేశంలో లైసెన్సు అక్కర్లేదు. వంతెనలు బాగా కిందికి ఉంటాయి, తల వంచాలి.

మూడోరోజు ఉత్తరానికి. ఆమ్‌స్టర్‌డామ్ దాటాక రైలు ఖాళీ అవుతూ పోతుంది. దారిలో హోర్న్ అనే ఊళ్లో రెండు గంటలు దిగొచ్చు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కి 1616లో పేరిచ్చింది ఈ ఊరే. అక్కడినుంచి రైలు ఆఖరి స్టేషను ఎంక్‌హౌజెన్. దిగితే ఎదురుగా రేవే.

ఎంక్‌హౌజెన్ ఒకప్పుడు హెర్రింగు చేపల మీద, తూర్పు వ్యాపారం మీద ధనికమైన ఊరు. తర్వాత రేవు పూడుకుంటూ వచ్చింది, ఓడలు ఆమ్‌స్టర్‌డామ్‌కి మళ్లాయి, జనం వలసపోయారు. 1932లో ముప్ఫై రెండు కిలోమీటర్ల అడ్డుకట్ట వేసి సముద్రపు పాయని మంచినీటి సరస్సు చేశారు. దాంతో సముద్రపు చేపల వేటా తగ్గిపోయింది. ఊరికి వచ్చిన కష్టం మనకి కలిసొచ్చింది. పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టుకునే డబ్బు లేక, 17వ శతాబ్దపు వీధులు అలాగే ఉండిపోయాయి. రేవు గుమ్మంలో 1540 నాటి డ్రొమెడారిస్ బురుజు ఉంది. మిరియాల ఇల్లు అనే పాత గోదాము ఉంది. ఒకప్పుడు తూర్పు ఇండియా కంపెనీ సుగంధద్రవ్యాలు దాచిన ఆ గోదాము ఇప్పుడు జౌడర్‌జీ మ్యూజియంలో భాగం. మ్యూజియం చూసేవాళ్లు అయిదింటికి వెళ్లిపోతారు. మీరు ఉండిపోండి.

ఇక్కడ మన కథ ఒకటి కలుస్తుంది. 1602లో పుట్టిన ఆ డచ్చి కంపెనీకి ఆరు ఊళ్లలో శాఖలుండేవి: ఆమ్‌స్టర్‌డామ్, మిడెల్‌బుర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హౌజెన్. ఈ ప్రయాణంలో మనం దిగే ఊళ్లలో మూడు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ కంపెనీ గోల్కొండ సుల్తానుల అనుమతితో 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో కొఠీలు పెట్టింది. ఆ తర్వాత పాలకొల్లులో, భీమునిపట్నంలో. బందరులో వాళ్ల పేరుతో వలందపాలెం ఇప్పటికీ ఉంది, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. వాళ్లు మన తీరానికి వచ్చింది ముఖ్యంగా బట్ట కోసం. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం వేసిన కలంకారీ అద్దకపు బట్టకి ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, జాజికాయలు దొరికేవి. మిగిలిన బట్ట ఐరోపా దాకా వెళ్లింది. 1825లో ఈ కొఠీలన్నీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయేదాకా రెండు శతాబ్దాలు ఈ వ్యవహారం నడిచింది.

ఆ బట్టని చూడాలంటే నాలుగోరోజు పడవెక్కాలి. ఎంక్‌హౌజెన్ రేవునుంచి సరస్సుకి అడ్డంగా స్టావోరెన్‌కి ప్రయాణికుల పడవ ఉంది. వసంతం నుంచి శరత్కాలం దాకానే నడుస్తుంది, రోజుకి కొన్నిసార్లే. వేళలు ముందే చూసుకోవాలి. గంటన్నర నీటిమీద ప్రయాణం. అవతల ఫ్రీస్‌లాండ్, వేరే భాష, వేరే జెండా. రేవు పక్కనే చిన్న రైలు. అది ఎక్కి కాసేపటికే హిండెలోపెన్‌లో దిగొచ్చు. స్టేషను నుంచి ఊరు నడక దూరం. జనాభా వెయ్యి కూడా లేదు. చెక్క వంతెనలు, ఒరిగిన గోపురం, లాకు పక్కన కూర్చునేందుకు బల్ల. ఈ ఊరి మగవాళ్లు 17, 18 శతాబ్దాల్లో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల ఓడలు నడుపుతూ బాల్టిక్ సముద్రం మీద తిరిగేవాళ్లు. సంపాదనతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇండియా అద్దకపు బట్ట కొని తెచ్చేవాళ్లు. ఇక్కడి ఆడవాళ్లు దాన్ని పొడవాటి కోటుగా కుట్టుకున్నారు. అది ఆ ఊరి సంప్రదాయ వేషమే అయిపోయింది. ఊరి మ్యూజియంలో ఆ కోట్లు చూడొచ్చు. కలంకారీ తెలిసిన కంటికి తీగ ఎలా మలుపు తిరిగిందో, ఎరుపులో ఎరుపు ఎలా కలిసిందో ఇట్టే పట్టుబడుతుంది. ఇంకా చూడాలనిపిస్తే అదే రైలు దారిలో చివర లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియం దగ్గర ఈ బట్టల పెద్ద సేకరణ ఉంది. అన్నీ ఎప్పుడూ ప్రదర్శనలో ఉండవు కాబట్టి, ఏం పెట్టారో చూసుకుని వెళ్లండి.

మధ్యలో స్నేక్‌లో దిగితే 1613 నాటి నీటి గుమ్మం. కాలువ మీద రెండు బురుజుల కింద నుంచి పడవలు ఊళ్లోకి వస్తాయి. లేవార్డెన్ నుంచి ఫ్రానెకర్ దగ్గరే. అక్కడ ఐసె ఐసింగా అనే ఉన్ని దువ్వే పనివాడు తన ఇంటి కప్పుకి సూర్యకుటుంబం కట్టాడు. 1774లో మొదలుపెట్టి 1781లో ముగించాడు. గ్రహాలు ఇంకా తిరుగుతున్నాయి. 2023లో అది యునెస్కో జాబితాలో చేరింది. ఫ్రీస్‌లాండ్‌లో పాతకాలం నుంచి నగరాలుగా చెప్పుకునే ఊళ్లు పదకొండు. చలికాలంలో కాలువలు గట్టిగా గడ్డకడితే పదకొండు ఊళ్లూ కలుపుతూ రెండువందల కిలోమీటర్ల స్కేటింగ్ పందెం పెడతారు. చివరిసారి జరిగింది 1997 జనవరిలో. ఆ తర్వాత మంచు అంత మందంగా కట్టలేదు. ఐరోపా వాతావరణం ఎలా మారిందో ఆ ఊళ్లలో ఎవర్ని అడిగినా ఈ సంగతే చెబుతారు.

ఇప్పుడు చిన్న చిన్న జాగ్రత్తలు. రైలెక్కడానికి విడిగా టికెట్ కొననక్కర్లేదు, స్పర్శతో పనిచేసే బ్యాంకు కార్డు చాలు. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి అదే కార్డు తాకించాలి. ఒక రైలు కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేచోట మొదటిదాని స్తంభం దగ్గర దిగినట్టు, రెండోదాని దగ్గర ఎక్కినట్టు తాకించాలి. ఫ్రీస్‌లాండ్ చిన్న రైళ్లు వేరే కంపెనీవి, అక్కడ ఇది మర్చిపోతారు. పొద్దున తొమ్మిదిలోపూ, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఆఫీసులవాళ్ల రద్దీ. పెద్దవాళ్లతో వెళితే ఆ వేళలు మానండి. సోమవారం చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి, దుకాణాలు మధ్యాహ్నం గానీ తియ్యరు. సోమవారాన్ని ప్రయాణానికి వాడుకోండి.

ఎర్ర తారు పరిచిన దారి కనిపిస్తే అది సైకిళ్లది. ఫొటో కోసం దానిమీద నిలబడితే గంట మోగిస్తారు, ఆగరు. రోడ్డు మీది పెద్ద కిటికీలకి తెరలు వెయ్యరు వాళ్లు. లోపల భోజనం చేస్తూ కనిపిస్తారు. కనిపించినంత మాత్రాన నిలబడి చూడమని కాదు. వాన ఏ నెలలోనైనా పడుతుంది. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న వానకోటు తీసుకెళ్లండి. చిన్న ఊళ్లలో హోటళ్ల వంటిళ్లు ఎనిమిదింటికల్లా కట్టేస్తారు. శాకాహారులకి రొట్టె, జున్ను, సూపు ఎక్కడైనా దొరుకుతాయి. మన వంట మీదికి మనసు మళ్లితే హేగ్‌లో సురినామ్ హిందుస్తానీల రోటీ దుకాణాలున్నాయి. 1873 నుంచి ఉత్తర భారతం నుంచి కూలికి సురినామ్ వెళ్లినవాళ్ల వారసులు వాళ్లు. బంగాళాదుంపా చిక్కుడుకాయా వేసిన ఆ రోటీ కారంగానే ఉంటుంది. ఎందుకైనా మంచిది, సంచిలో ఒక పచ్చడి సీసా ఉంచుకోండి.

నాలుగు రోజుల్లో ఇన్నీ చూడలేమనిపిస్తే, తగ్గించాల్సింది ఊళ్లని, రాత్రుల్ని కాదు. డెల్ఫ్ట్, ఎంక్‌హౌజెన్ రెండే పెట్టుకుని చెరో రెండు రాత్రులు ఉన్నా ప్రయాణం నిండుగానే ఉంటుంది. ఎనిమిది ఊళ్ల పేర్లు చెప్పుకోవడానికి తిరిగితే మిగిలేది బస్సు కిటికీ. అయిదు గంటలు మాత్రమే ఉండి వెళ్లే మనిషి ఊరికి బరువు. అతను కొనేది ఒక కాఫీ, వదిలేది ఒక కాగితం గ్లాసు. రెండు రాత్రులుండే మనిషి రొట్టెల దుకాణంలో కొంటాడు, రెండో పొద్దున ఆ దుకాణదారు అతన్ని గుర్తుపడతాడు. గుంపుని తప్పించుకునే ఉపాయం, ఊరికి బరువు కాకుండా ఉండే ఉపాయం, రెండూ ఒకటే అయ్యాయి.

ఇది హాలండ్‌కే పరిమితం కాదు. మీ పిల్లలు బెల్జియంలో ఉంటే బ్రూజ్‌కీ, చైనాలో చదువుతుంటే సుజౌ చుట్టూ ఉన్న కాలువ ఊళ్లకీ, మనకు దగ్గర్లో అలప్పుళకీ ఇదే లెక్క. టికెట్లు తీసే ముందు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఆ ఊళ్లో రాత్రి ఉంటున్నామా? అక్కడ సంత ఏ వారం? బడి సెలవులూ పండగలూ ఎప్పుడు? పదకొండు నుంచి నాలుగు దాకా మనం ఎక్కడుంటాం? నాలుగింటికీ జవాబు రాయగలిగితే మీ ప్రణాళిక పూర్తయినట్టే. మిగతాది రైలు టైము చూసుకోవడమే.